ఖాళీ సీట్లు

మొదటిసారి అది జరిగినప్పుడు వ్యాను ఆగి ఉంది. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు.

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. ముందున్న కార్లు కదిలిపోయాయి. వెనకాల బస్సువాడు చెవులు చిల్లులు పడేలా హారన్ కొడుతున్నాడు. పిల్లల వ్యాను మాత్రం కదల్లేదు. వెనక తలుపు పక్కన చిన్న సీట్లో కూర్చున్న ఆయమ్మ, "ఏమయ్యా, పచ్చ లైటు పడింది, పోనీ" అంది. పలుకు లేదు. ఆమె లేచి, పిల్లల మోకాళ్ళు తప్పించుకుంటూ ముందుకెళ్ళి చూసింది.

అతని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ రోడ్డును చూడటం లేదు. నోట్లో ఏమీ లేకపోయినా దవడలు నెమ్మదిగా నములుతున్నాయి. కుడిచేతి వేళ్ళు చొక్కా గుండీని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాయి. ఆమె భుజం పట్టుకుని కుదిపింది. అతను ఆమె వైపు తిరిగాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. కాసేపటికి రెప్పలాడించి, "ఏంటే, ఇక్కడెందుకు నిలబడ్డావు? వెళ్ళి కూర్చో" అని గేరు వేశాడు.

ఆమె వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో ఉన్న చిన్నపిల్ల సంచిని గట్టిగా పట్టుకుంది.

వాళ్ళిద్దరూ భార్యాభర్తలు. ఏళ్ళ తరబడి ఒకే బడి వ్యానులో అతను డ్రైవరు, ఆమె ఆయమ్మ. ఒక్కో ఇంటి ముందు ఒక్కో రకంగా హారన్ కొట్టేవాడు. ఒక ఇంటికి రెండు పొట్టి కూతలు, ఇంకో ఇంటికి ఒక పొడుగు కూత. ఏ కూత ఎవరిదో పిల్లలకి తెలుసు. అందుకే అతన్ని హారన్ మామ అనేవారు. పిల్లల్ని చెయ్యి పట్టి ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం, కొట్టుకుంటే విడదీయడం ఆయమ్మ పని. ఇంట్లో వాళ్ళిద్దరితోపాటు అతని తల్లి ఉంటుంది.

రెండోసారి ఇంట్లోనే జరిగింది. అతను టీ తాగుతున్నాడు. చేతిలో గ్లాసు మెల్లగా ఒరిగింది. పొగలు కక్కే టీ తొడ మీద ధారగా పడుతుంటే అతను ఉలిక్కిపడలేదు, అరవలేదు. దవడలు నములుతున్నాయి, రెండో చెయ్యి గుండీని తడుముతోంది. ఆయమ్మ గ్లాసు లాక్కుని చన్నీళ్ళు పోసింది. తెలివి వచ్చాక అతను తడిసిన లుంగీనీ, ఎర్రగా కందిన తొడనీ చూసుకుని, "ఒళ్ళు తెలీకుండా పోశావేంటే!" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడు ఆమె చూసినదంతా చెప్పింది. సిగ్నల్ దగ్గర సంగతి కూడా చెప్పింది. అతను ముందు నవ్వాడు.

"పరధ్యానం ఎవరికుండదే? వయసు మీద పడుతోంది."

"పరధ్యానంలో ఒళ్ళు కాలినా తెలీదా?"

అతని నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఈ మాట గడప దాటిందా, మనం రోడ్డున పడతాం. ఎక్కడా అనకు" అన్నాడు. గది మూల మంచం మీద ఉన్న అత్త గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి ఆయమ్మ వ్యానులో వెనక కూర్చోవడం మానేసింది. ఇంజన్ మూత మీద పాత దుప్పటి మడతపెట్టి వేసుకుని అతని పక్కనే కూర్చునేది. అతను తెలివిలో ఉన్నాడో లేడో కనిపెట్టడానికి ఆమెకి తెలిసిన దారి ఒకటే, మాట్లాడించడం. నోటికొచ్చినదల్లా అడిగేది. అతను జవాబిచ్చిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకునేది.

"పెళ్ళైన కొత్తలో కూడా నాతో ఇంత మాట్లాడలేదు కదే నువ్వు" అని అతను నవ్వేవాడు. పిల్లలూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా పళ్ళు బయటపెట్టేది. కళ్ళు మాత్రం అతని కుడిచేతి మీదే ఉండేవి. దారిలో రైలు పట్టాల మీదుగా ఒక ఎత్తయిన వంతెన ఉంది. దాని రెయిలింగు పెద్దవాళ్ళ నడుము దాకా కూడా రాదు. రోజూ రెండుసార్లు దాన్ని దాటాలి. దాటినంతసేపూ ఆమె ప్రశ్న మీద ప్రశ్న వేసేది.

ఆయమ్మకి రాత్రిళ్ళు నిద్ర కరువైంది. తల దిమ్ముగా ఉంటోందని, ఒకరోజు పిల్లలందరినీ ఇళ్ళకి చేర్చాక కాలనీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండేవాళ్ళందరికీ దిక్కు అదే. దాన్ని అందరూ సెంటరు అంటారు. అది ఒకప్పుడు బ్యాంకు. డబ్బు దాచిన ఇనుప గది ఇప్పుడు మందుల గది. దాని తలుపు ఏనుగంత బరువు, ఎవరూ మూయలేక అలాగే తెరిచి వదిలేశారు. క్యాషియరు కూర్చునే అద్దం వెనక సిస్టరు కూర్చుని బీపీ చూస్తుంది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో అడుగుపెట్టడానికి జంకే ఆడవాళ్ళు అక్కడ మాత్రం బెంచీల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పిల్లలకి జుట్టు దువ్వుతారు.

సిస్టరు ఆమె చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, కనుబొమలు ఎగరేసింది. "ఏంటక్కా, బీపీ అటకెక్కి కూర్చుంది? ఇంట్లో ఎవరితోనైనా కుస్తీ పడుతున్నావా?"

ఆయమ్మ నవ్వబోయింది. ఏడుపొచ్చింది. సిస్టరు మారు మాట్లాడకుండా ఆమెని వరస తప్పించి డాక్టరమ్మ గదిలోకి పంపింది.

"మా వీధిలో ఒకాయన ఉన్నాడమ్మా" అని మొదలుపెట్టింది ఆయమ్మ. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి విన్నది. నోరు నములుతున్నట్టు ఆడిస్తాడా అని అడిగింది. వేళ్ళతో దేన్నైనా తడుముతాడా? పిలిస్తే పలుకుతాడా? తర్వాత ఏమైనా గుర్తుంటుందా? ఆయమ్మ భర్తని దగ్గరుండి చూసినట్టే డాక్టరమ్మ అడుగుతోంది.

"ఆయనేం పని చేస్తాడు?"

ఆయమ్మ బల్ల మీది కలం వైపు చూసింది.

"చెప్పమ్మా. పని ఏంటి?"

"బండి నడుపుతాడు."

"ఏం బండి?"

ఆయమ్మ తల దించుకుంది. డాక్టరమ్మ చూపు ఆమె నీలం కోటు మీద, జేబుపై కుట్టిన బడి పేరు మీద ఆగింది.

"ఆ వ్యానులో ఎక్కే పిల్లల్లో చాలామందికి టీకాలు వేసింది నేనే" అంది డాక్టరమ్మ. గొంతు మామూలుగానే ఉంది గానీ మొహంలో రంగు పోయింది. "ఇది ఫిట్స్ జబ్బు కావచ్చు. పడిపోయి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకుంటారు గానీ, ఇలా కూడా వస్తాయి. మందులున్నాయి, భయపడకు. కానీ మందులు పట్టేదాకా ఆయన స్టీరింగు ముట్టుకోకూడదు. ఈ రోజు ట్రిప్పు అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"రేపు పొద్దున ఆ వ్యాను కదలకూడదు. ఆయన్ని ఇక్కడికి తీసుకురా."

"వినడమ్మా. నేను బయట చెప్పానని తెలిస్తే..."

"నువ్వు చెప్పలేకపోతే నన్ను పిలువు, నేను వచ్చి చెప్తాను. అప్పటికీ వినకపోతే బడికి చెప్పక తప్పదు. ఆ పని చెయ్యడం నాకూ ఇష్టం లేదు." కాగితం ముక్క మీద తన ఫోను నంబరు రాసి చేతిలో పెట్టింది.

ఆమె ఇల్లు చేరేసరికి అతను వ్యాను కడుగుతున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు, అద్దాల మీద నీళ్ళు చిమ్ముతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆమె అటూ ఇటూ తిరిగింది. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. భోజనాలప్పుడు చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది.

"సెంటరుకెళ్ళావటగా. ఏమన్నారు?" అని అడిగింది అత్త.

"బీపీ పెరిగిందన్నారత్తా."

ముసలామె కోడలి మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిపి, చెయ్యి వదిలేసింది.

పొద్దున లేవగానే వ్యాను తాళం చెవి దాచేద్దామని, అది తగిలించే మేకు దగ్గరికి వెళ్ళింది. మేకు ఖాళీగా ఉంది. బయట ఇంజను అప్పటికే గురగురమంటోంది. డాక్టరమ్మకి ఫోను చేద్దామని కాగితం తీసింది. "వస్తున్నావా, లేదా?" అని అతను కేకేశాడు. అలవాటైన కాళ్ళు ఆమెని వ్యాను దాకా మోసుకెళ్ళాయి.

ఒక్కో ఇంటి ముందు హారన్ మోగింది, పిల్లలు ఎక్కారు. రోజూ దూదిపింజల్లా ఎత్తి లోపల పెట్టే పిల్లలు ఆ రోజు ఇనుప గుండ్లలా ఉన్నారు. ఒక్కో పిల్లని ఎత్తినప్పుడల్లా నేనే, నా చేత్తో ఎక్కిస్తున్నాను అనుకుంది. వ్యాను నిండింది. దూరంగా వంతెన కనిపించింది.

"మన బకెట్టు పిడి విరిగిందయ్యా. కొత్తది కొనాలి" అంది.

"ఊఁ" అన్నాడు.

"ఏ రంగుది కొందాం?"

జవాబు లేదు. అతని చూపు ఎటో ఉంది. పక్కన ఒక లారీ రాసుకుంటూ పోతోంది. ఆమె అతని భుజం పట్టుకుంది. "ఏమయ్యా!"

"ఎర్రది" అన్నాడు అతను, లారీ దాటిపోయాక. "పని చూసుకుంటున్నానా లేదా? ఎందుకట్లా అరుస్తావు?"

ఏమీ కాలేదు. కానీ ఆ క్షణంలో ఆయమ్మకి తను ఇంక భరించలేనని తెలిసిపోయింది.

"ఆపు! పాపకి వాంతి అవుతోంది, ఆపు!"

అతను పక్కకి తీసి ఆపాడు. ఆమె తలుపు తెరిచి, "దిగండి, అందరూ దిగండి. సంచులు అక్కడే వదిలెయ్యండి" అంటూ పిల్లల్ని ఒక్కొక్కరినే కిందికి దించేసింది. మూసి ఉన్న కుర్చీల దుకాణం గోడకి ఆనించి వరసగా నిలబెట్టింది. అతను దిగి వచ్చాడు.

"ఎవరికే వాంతి?"

"ఎవరికీ కాదు. వీళ్ళని మళ్ళీ ఎక్కించను."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది. నీ పక్కన కూర్చుని కూర్చుని భయంతో పట్టింది. డాక్టరమ్మకి చెప్పేశాను. కొడితే కొట్టు. వీళ్ళని మాత్రం వంతెన ఎక్కించను."

అతని మొహం నల్లబడిపోయింది. చెయ్యి లేచింది. పిల్లలందరూ చూస్తున్నారు. ఆ చెయ్యి దిగిపోయింది.

"నా పరువు నడిరోడ్డు మీద తీశావు కదే" అన్నాడు. వెళ్ళి తలుపు ధడేల్న వేసి వ్యాను ముందుకు ఉరికించాడు.

"నువ్వూ వెళ్ళకయ్యా!" అని ఆమె పరుగెత్తింది. పిల్లలు వెనకే రాబోతుంటే ఆగిపోయింది. పిల్లల్ని దించానన్న తెగింపులో, అతన్ని ఒంటరిగా పంపించేశానన్న సంగతి అప్పుడు గానీ ఆమెకి తట్టలేదు. పసుపుపచ్చ వ్యాను వంతెన ఎక్కి కనుమరుగైంది.

బడికి ఫోను చేసి ఇంకో బండి పంపమంది. డాక్టరమ్మకి చేస్తే, "అక్కడే ఉండు, పిల్లల్ని వదలకు. సిస్టరుని పంపిస్తున్నాను" అంది. అతని ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి ఆగిపోయింది.

"హారన్ మామకి కోపం వచ్చిందా ఆయమ్మా?" అడిగింది ఒక పిల్ల.

"వచ్చింది తల్లీ. తగ్గుతుందిలే."

ఆమె వంతెన వైపే చూస్తోంది. అటు నుంచి వచ్చే బళ్ళు పలచబడ్డాయి. తర్వాత ఒక్కటీ రాలేదు. ఇటు నుంచి వెళ్ళేవి ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొడుతున్నాయి. ఒక సైకిలతను మాత్రం బళ్ళ సందుల్లోంచి దిగి వచ్చాడు.

"బాబూ, అక్కడేమైంది?"

"ఏదో వ్యాను అడ్డం తిరిగిందమ్మా. పసుపుది" అని తొక్కుకుంటూ పోయాడు.

ఆమెకి పరుగెత్తుకెళ్ళి చూడాలనిపించింది. కానీ చుట్టూ చీమల్లా పిల్లలు, పక్కనే రోడ్డు. ఒక పిల్లాడు ఆమె కోటు అంచు పట్టుకుని ఉన్నాడు. కదల్లేదు. గోడకి వీపు ఆనించి, పిల్లాడి తల మీద చెయ్యి వేసి, లోపల్లోపల "బతికుండు, బతికుండు" అనుకుంటూ నిలబడింది.

సిస్టరు స్కూటరు మీద వచ్చి ఆగిన సమయానికే వంతెన మీద నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. కాళ్ళకి చెప్పులు లేవు. మోకాళ్ళకి మట్టి, అరచేతులకి నల్లటి నూనె. తాగినవాడిలా తూలుతున్నాడు. అతనే.

భార్య వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పిల్లల దగ్గరికి వచ్చి ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టసాగాడు. మధ్యలో లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పింది.

"అందరూ ఉన్నారయ్యా" అంది ఆయమ్మ, అతని చెయ్యి పట్టుకుని. "నేనే దించాను. అందరూ ఉన్నారు."

అతను ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఎక్కడున్నానో తెలీలేదే" అన్నాడు. "కళ్ళు తెరిస్తే వ్యాను రెయిలింగుని గుద్దుకుని ఉంది. అక్కడికెట్లా వచ్చానో తెలీదు. వెనక్కి తిరిగి చూశాను. సంచులున్నాయి. పిల్లలు లేరు. ఒక్కళ్ళూ లేరే! తలుపు తీసి వ్యాను కింద చూశాను. రెయిలింగు మీదకి వంగి కింద పట్టాల మీద చూశాను..."

ఇందాక తనమీద ఎగిరిపడ్డ సంగతి, పిల్లల్ని దించిన సంగతి ఏవీ అతనికి గుర్తులేవని ఆమెకి అర్థమైంది. సిస్టరు అతని పక్కన కూర్చుని నాడి చూస్తూ, "అన్నా, ఎవరూ తప్పిపోలేదు. నీళ్ళు తాగు" అంది. సీసా పట్టుకోలేకపోతే ఆయమ్మే తాగించింది.

"నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవే" అన్నాడు.

బడి వాళ్ళ బండి వచ్చి పిల్లల్ని ఎక్కించుకున్నాక, ఇద్దరూ సెంటరుకి వెళ్ళారు. వాళ్ళ కంటే ముందే కబురు ఇంటికి చేరింది. అత్త గోడలు పట్టుకుంటూ వచ్చి గది గుమ్మంలో నిలబడింది.

డాక్టరమ్మ అతని కళ్ళలోకి దీపం వేసి చూసింది, చేతులు కాళ్ళు కదిలించమంది, మాటల్లో పెట్టి చాలా సంగతులు అడిగింది. "చిన్నప్పుడెప్పుడైనా జ్వరంలో ఫిట్స్ వచ్చాయా?"

"లేదండీ."

"వచ్చాయి" అంది గుమ్మంలోంచి ముసలామె. అందరూ అటు తిరిగారు. "పసివాడప్పుడు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఒకసారి చాలాసేపు కొట్టుకున్నాడు, పోయాడనే అనుకున్నాం. తర్వాత మళ్ళీ రాలేదు. మూర్ఛ పిల్లాడని పేరు పడితే ఎవరు దగ్గరికి రానిస్తారని ఎవరికీ చెప్పలేదమ్మా. వాడికీ చెప్పలేదు."

"మొన్న టీ పడినప్పుడు చూశావు కదమ్మా" అన్నాడు అతను. "అప్పుడైనా..."

"భయమేసిందిరా" అంది తల్లి.

ఆయమ్మకి ఆ గదిలో కోపం రాలేదు. ఇంటికెళ్ళాక వచ్చింది, వచ్చి చాలా రోజులుంది. వంట చేస్తూ గిన్నెలు విసిరేసేది. అత్తతో మాట్లాడాలంటే గోడకి చెప్పినట్టు చెప్పేది.

డాక్టరమ్మ మాత్రలు మొదలుపెట్టింది. తలకి స్కాను తీయించడానికి పెద్దాసుపత్రికి చీటీ రాసింది, దారి తెలియదంటే సిస్టరుని తోడిచ్చింది. అతను అడగాలని వచ్చిన ప్రశ్న ఒకటే.

"మళ్ళీ బండి ఎప్పుడు నడపొచ్చు?"

"చెప్పలేను. అసలు నడపకూడదనే అనాల్సి రావచ్చు. అబద్ధం చెప్పి పంపలేను నిన్ను."

అతను తలాడించాడు. జేబులోంచి వ్యాను తాళం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఆ తాళం పెట్టాల్సింది ఇక్కడ కాదు కదా అన్నట్టు మళ్ళీ తీసి భార్య చేతికిచ్చాడు.

బడి వాళ్ళు కొత్త డ్రైవరుని పెట్టుకున్నారు. ఆయమ్మని కూడా కొన్నాళ్ళు రావద్దన్నారు. వీధిలో మాట పాకింది. కొందరు తల్లులు ఆమెని కావలించుకుని ఏడ్చారు, కొందరు ఇన్నాళ్ళు తెలిసి దాచావా అని మొహం మీదే అడిగారు. అతని అనుమతి తీసుకుని డాక్టరమ్మ టీకాల రోజున తల్లులందరినీ కూర్చోబెట్టి ఆ జబ్బు గురించి చెప్పింది. అంటుకునేది కాదనీ, సిగ్గుపడేది కాదనీ చెప్పింది. నమ్మినవాళ్ళు నమ్మారు. తర్వాత బడి వాళ్ళు ఆయమ్మని మళ్ళీ పిలిచారు.

మాత్రలకి అతను మొదట్లో పగలంతా తూగేవాడు. అప్పటికీ ఒకసారి వంటింట్లో మళ్ళీ ఫిట్స్ వచ్చాయి, మందు పెంచారు. స్నానాల గదికి లోపలి గడియ తీసేయించారు. పొయ్యి దగ్గరికి అతన్ని రానివ్వరు. బళ్ళ సీట్లకి తొడుగులు కుట్టే షెడ్డులో చేతికుట్టు పని దొరికింది. సూది గుచ్చుకుందని రోజూ తిట్టుకుంటూ వస్తాడు. పెద్దాసుపత్రిలో తీసిన స్కానులో తల లోపల పాత మచ్చ ఒకటి కనిపించింది. ఆ ఫిల్ముని ఆయమ్మ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. మచ్చ ఇంత చిన్నదా అనుకుంది.

కొన్ని నెలలు ఫిట్స్ రాలేదు. ఒక రోజు మాత్రలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

"సెంటరుకి నేనొక్కణ్ణే వెళ్ళొస్తా" అన్నాడు.

"నేనూ వస్తా."

"వద్దే. నాలుగడుగుల దూరం. నన్నూ ఒక మనిషిలా నడవనియ్యి."

ఆమె సరేనంది. అతను వీధి మలుపు తిరగ్గానే తలుపు దగ్గరగా వేసి వెనకే బయల్దేరింది. అతను ఆగితే తనూ ఆగింది. రోడ్డు దాటడానికి అతను అంచున నిలబడితే ఆమె చెయ్యి గాల్లోకి లేచిపోయింది. బస్సు ఒకటి దూసుకుపోయింది. అతను దాటాడు. ఆమె ఊపిరి వదిలి, తనూ దాటింది.

సెంటరు మెట్ల దగ్గర అతను వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఎట్లాగూ వస్తున్నావు. పక్కనే నడవొచ్చుగా?"

"నీకెట్లా తెలిసింది?"

"ఇందాకటి నుంచి చెప్పులు టపటపలాడిస్తున్నావు. వీధి వీధంతా నిద్రలేచింది."

ఆమెకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మెట్లెక్కి అతని పక్కకి వెళ్ళింది. లోపల బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు జరిగి, ఇద్దరికీ చోటిచ్చారు.